కోడ్ మారినా డాక్యుమెంటేషన్ వెనకబడకుండా ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఎనిమిది మంది డెవలపర్లు, నాలుగైదు బ్యాకెండ్ సర్వీసులు, డాక్యుమెంటేషన్ అంతా విడిగా ఒక వికీలో. రాసిన కొత్తలో బాగానే ఉంటుంది. రెండు మూడు రిలీజులు దాటేసరికి ఏది నిజమో ఏది పాతదో తెలియక అందరూ మళ్లీ కోడే తెరిచి చూసుకుంటున్నారు. "డాక్స్ కూడా మార్చండి" అని మీటింగులో ఎన్నిసార్లు చెప్పినా వారం తిరిగేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. మంచి టూల్ ఏదైనా తీసుకోవాలా, టెక్నికల్ రైటర్‌ను పెట్టుకోవాలా, రివ్యూలో ఇంకా గట్టిగా పట్టుబట్టాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఈ మూడూ తర్వాతి సంగతులు. ముందు, డాక్యుమెంట్ తప్పైన రోజే బిల్డ్ (కోడ్‌ను కంపైల్ చేసి పరీక్షించే ప్రక్రియ) ఫెయిలయ్యేలా చేయండి. అలా ఫెయిల్ చేయించలేని వాక్యాలను వీలైనంత తగ్గించండి. నేను చాలా ఏళ్లు బ్యాకెండ్ టీముల్లో పనిచేసి, తర్వాత డెవలపర్ ప్లాట్‌ఫామ్ పనిలోకి వచ్చాను. పాతబడిన డాక్యుమెంటేషన్‌ను దారికి తెచ్చే పని చాలా టీములతో కలిసి చేశాను. కేవలం క్రమశిక్షణ మీద ఆధారపడి డాక్స్‌ను తాజాగా ఉంచుకోగలిగిన టీమ్ నాకు కనబడలేదు, అందులో ఎంత మంచివాళ్లున్నా సరే.

దానికి కారణం బద్ధకం కాదు. కోడ్ తప్పైతే చెప్పేవి చాలా ఉన్నాయి: కంపైలర్ ఆపుతుంది, టెస్ట్ ఫెయిలవుతుంది, ప్రొడక్షన్‌లో అలర్ట్ మోగుతుంది. డాక్యుమెంట్ తప్పైతే ఏదీ చప్పుడు చేయదు. మార్పు చేసినవాళ్లకు ఆ రోజు ఏ ఇబ్బందీ ఉండదు. కొన్ని నెలల తర్వాత ఇంకో టీమ్‌లో ఎవరో ఆ పేజీని నమ్మి సగం రోజు పోగొట్టుకుంటారు. పోనీ వాళ్లు వచ్చి ఫిర్యాదు చేస్తారా అంటే అదీ లేదు. ఈ వికీని నమ్మకూడదని మనసులో అనుకుని వెళ్లిపోతారు. ఎవరూ చదవని పేజీని ఎవరూ సరిచేయరు. మీ టీమ్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే అని నా అనుమానం.

వికీని మొత్తంగా చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందుకని ఒక్క పేజీ తీసుకుని వాక్యం వాక్యం చూడండి. ఆర్డర్ సర్వీస్ పేజీలో ఇలాంటివి ఉన్నాయనుకుందాం. సర్వీస్ 8080 పోర్ట్ మీద నడుస్తుంది. పేమెంట్ కాల్ ఫెయిలైతే 3 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆర్డర్‌కు ఉండే స్టేటస్‌లు ఇవీ. లోకల్‌గా నడపాలంటే ఈ నాలుగు కమాండ్లు వరుసగా కొట్టండి. పేమెంట్ సిస్టమ్‌ను నేరుగా పిలవకుండా మధ్యలో క్యూ పెట్టాం, ఎందుకంటే రద్దీ వేళల్లో ఆ సిస్టమ్ నెమ్మదిస్తుంది.

ఇందులో మొదటి మూడు విషయాలు కోడ్‌లోనే ఉన్నాయి. అవే మళ్లీ వికీలో ఉన్నాయంటే ఒకే మాటను రెండు చోట్ల రాసినట్టు. రెండు చోట్ల రాసిన మాట ఏదో ఒక రోజు రెండు మాటలవుతుంది. కమాండ్లు సరైనవో కాదో కోడ్ చదివితే తెలియదు కానీ, మెషీన్ వాటిని నడిపి చూడగలదు. క్యూ ఎందుకు పెట్టారన్నది మాత్రం మనుషులకే తెలుసు, కోడంతా గాలించినా దొరకదు. కాబట్టి మొదటి రకాన్ని కోడ్ నుంచే తయారు చేయించండి, లేదంటే తీసేయండి. రెండో రకాన్ని సీఐలో, అంటే కోడ్ మారినప్పుడల్లా పరీక్షలను దానంతటదే నడిపే వ్యవస్థలో, నడిపించండి. మూడో రకం ఒక్కటే చేత్తో రాయండి. నేను చూసిన వికీల్లో ఎక్కువ చోటు ఆక్రమించేది మొదటి రకం, ఎంత వెతికినా కనబడనిది మూడోది. అసలు విలువ ఉన్నది ఆ మూడోదానికే.

కోడ్‌కు తెలిసినది కోడ్ నుంచే రావాలి. హెచ్‌టీటీపీ ఏపీఐ అయితే ఓపెన్‌ఏపీఐ స్పెక్ (ఏపీఐ ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో వివరించే ఫైల్), జీఆర్‌పీసీ అయితే ప్రోటో ఫైల్, పైథాన్ లైబ్రరీ అయితే స్ఫింక్స్‌లోని ఆటోడాక్, జావా అయితే జావాడాక్, గో భాషలో కోబ్రా లైబ్రరీతో రాసిన కమాండ్‌లైన్ టూల్ అయితే దాని డాక్ జనరేటర్, టెర్రాఫామ్ మాడ్యూళ్లకు టెర్రాఫామ్ డాక్స్. టూల్ ఎంచుకోవడం కష్టమేమీ కాదు. కిటుకంతా జనరేట్ అయిన ఫైల్‌తో ఏం చేస్తామన్నదాంట్లో ఉంది.

ఆ ఫైల్‌ను రెపోలోనే (కోడ్ ఉండే గిట్ రిపాజిటరీలోనే) కమిట్ చేయండి. సీఐలో మళ్లీ జనరేట్ చేయించి గిట్ డిఫ్‌తో పోల్చండి. ఒక్క లైను తేడా వచ్చినా బిల్డ్ ఫెయిల్ అవ్వాలి. "ఎప్పుడంటే అప్పుడు జనరేట్ చేసుకోగలిగినదాన్ని కమిట్ చేయడం దేనికి?" అని చాలామంది అడుగుతారు. రివ్యూ కోసం. ఒక ఫీల్డ్ తప్పనిసరి నుంచి ఆప్షనల్‌గా మారిందనుకోండి. కోడ్‌లో అది టైప్ పక్కన చిన్న మార్పు, రివ్యూ చేసేవాళ్ల కన్ను దాటిపోతుంది. అదే పుల్ రిక్వెస్ట్‌లో (రివ్యూకు పంపే మార్పుల కట్టలో) స్పెక్ ఫైల్ డిఫ్ కూడా కనబడితే, ఇది బయటివాళ్లను తాకే మార్పని వెంటనే తెలుస్తుంది. పాత స్పెక్‌ను, కొత్త స్పెక్‌ను ఓఏఎస్‌డిఫ్ లాంటి టూల్‌కు ఇస్తే, పాత క్లయింట్లను బ్రేక్ చేసే మార్పులేవో విడదీసి చూపిస్తుంది. ప్రోటో ఫైళ్లకు బఫ్ అనే టూల్ అదే పని చేస్తుంది.

అయితే కోడ్ నుంచి వచ్చిందంటే పూర్తిగా నిజమే అయ్యుంటుందని అనుకోవద్దు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐ సంగతే చూడండి. టైప్ హింట్ల నుంచి ఓపెన్‌ఏపీఐ స్పెక్‌ను తానే తయారు చేస్తుంది, బాగానే చేస్తుంది. కానీ ఫంక్షన్ లోపల మీరు 404 గానీ 409 గానీ లాంటి ఎర్రర్ స్టేటస్ కోడ్‌ను ఎక్సెప్షన్‌గా ఇస్తే అవి స్పెక్‌లోకి రావు. రెస్పాన్సెస్ అనే పారామీటర్‌లో మీరే విడిగా చెప్పాలి. ఎర్రర్లలో దానంతటది వచ్చేది వాలిడేషన్‌కు సంబంధించిన 422 ఒక్కటే. అంటే క్లయింట్ రాసేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ కావలసిన భాగమే డాక్యుమెంట్‌లో ఖాళీగా ఉంటుంది, పైగా జనరేట్ అయింది కదా అని అందరూ ధీమాగా ఉంటారు. దీనికి స్కీమాథెసిస్ లాంటి టూల్ పనికొస్తుంది. అది స్పెక్ చదివి, దాన్నిబట్టి రిక్వెస్టులు తయారు చేసి, నడుస్తున్న సర్వీస్ మీదికి పంపుతుంది. స్పెక్‌లో లేని స్టేటస్ కోడ్ వచ్చినా, రెస్పాన్స్ స్కీమాకు సరిపోకపోయినా పట్టిస్తుంది. స్పెక్ ముందు చేత్తో రాసుకుని ఆ తర్వాత కోడ్ రాసే టీములకైతే ఇలాంటిది లేకుండా కుదరదు.

దగ్గరుండి చూసిన ఒక కేసు చెబుతాను. ఒక సర్వీస్‌లో టైమౌట్ అనే కాన్ఫిగ్ సెట్టింగ్ ఉండేది. విలువ సెకన్లలో, డిఫాల్ట్ 30. హెచ్‌టీటీపీ లైబ్రరీ మార్చినప్పుడు, కొత్తది మిల్లీసెకన్లు అడుగుతుంది కాబట్టి డిఫాల్ట్‌ను 30000 చేశారు. టెస్టులన్నీ పాస్. కాన్ఫిగ్ పట్టిక కోడ్ నుంచే జనరేట్ అయ్యేది, కాబట్టి అందులోనూ 30000 అని సరిగ్గానే వచ్చింది. కానీ పట్టిక పైన చేత్తో రాసిన పేరాలో "సెకన్లలో ఇవ్వండి" అన్న మాట అలాగే ఉండిపోయింది. ఇంకో టీమ్ ఆ పేరా చదివి, కాస్త ఎక్కువ సమయం ఉండనిద్దామని 60 పెట్టుకుంది. 60 మిల్లీసెకన్లకే కాల్స్ తెగిపోవడం మొదలైంది. కొన్ని కాల్స్ ఆ కాస్త సమయంలోనే పూర్తయ్యేవి కాబట్టి నెట్‌వర్క్ ఒడుదొడుకులేమోనని అందరూ అటువైపే వెతికారు.

పేరాలో ఒక పదం మార్చేస్తే ఆ రోజుకు సరిపోయేది. అలా చేయలేదు. సెట్టింగ్ పేరు చివర మిల్లీసెకండ్స్ అన్న మాట చేర్చాం, పాత పేరు ఇస్తే సర్వీస్ స్టార్ట్ అవకుండా స్పష్టమైన ఎర్రర్ ఇచ్చేలా చేశాం, పేరాలో ఆ వాక్యాన్ని తీసేశాం. పేరులోనో టైప్‌లోనో చెప్పగలిగినదాన్ని వివరణలో చెప్పకండి. గోలో సంఖ్య బదులు డ్యూరేషన్ టైప్ వాడటం, స్టేటస్‌లకు స్ట్రింగ్ బదులు ఈనమ్ (ముందే నిర్ణయించిన విలువల జాబితా) పెట్టడం, తప్పు విలువ ఇస్తే ఏం కావాలో చెప్పే ఎర్రర్ మెసేజ్ రాయడం, ఇవన్నీ నా లెక్కలో డాక్యుమెంటేషన్ పనులే. ఇవి పాతబడవు.

ఉదాహరణలు, కమాండ్లు నడవాలి. చదివేవాళ్లు ముందు చూసేది ఉదాహరణనే. వివరణ తప్పున్నా సర్దుకుంటారు, కాపీ చేసుకున్న ఉదాహరణ పనిచేయకపోతే మాత్రం మిగతా పేజీ మీద నమ్మకం పోతుంది. దీనికి చాలా భాషల్లో సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. పైథాన్‌లో డాక్‌టెస్ట్ 2001లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచీ ఉంది. డాక్‌స్ట్రింగ్‌లో రాసిన ఉదాహరణను నడిపి, దాని కింద మీరు రాసిన ఫలితంతో పోలుస్తుంది. రస్ట్ లైబ్రరీల్లో డాక్ కామెంట్లలోని కోడ్‌ను కార్గో టెస్ట్ అనే కమాండ్ మామూలు టెస్టులతోపాటే కంపైల్ చేసి నడుపుతుంది. 1.54 వెర్షన్ నుంచి రీడ్‌మీ ఫైల్‌ను కూడా డాక్‌లోకి కలుపుకోవచ్చు, అప్పుడు రీడ్‌మీలోని ఉదాహరణలకూ ఇదే పరీక్ష. ఎలిక్సిర్‌లోనూ డాక్‌టెస్ట్ ఉంది. నాకు బాగా నచ్చేది గో పద్ధతి. టెస్ట్ ఫైల్‌లో ఎగ్జాంపుల్ అన్న మాటతో మొదలయ్యే ఫంక్షన్ రాస్తే అది డాక్యుమెంటేషన్ పేజీలో ఉదాహరణగా కనబడుతుంది, టెస్టుగానూ నడుస్తుంది. ఎవరైనా అసలు ఫంక్షన్ పేరు మార్చి దీన్ని మరిచిపోతే, ఈ ఉదాహరణ లేని పేరును చూపిస్తోందని గో వెట్ అనే తనిఖీ టూల్ చెబుతుంది. జావాకు ఇలాంటిది ఆలస్యంగా వచ్చింది. 2022 నాటి జేడీకే 18లో స్నిపెట్ ట్యాగ్ పెట్టారు. దాంతో జావాడాక్‌లోని ఉదాహరణను బయటి సోర్స్ ఫైల్ నుంచి తెచ్చుకోవచ్చు, ఆ ఫైల్‌ను మీ బిల్డ్‌లో కంపైల్ చేయించుకోవచ్చు.

వీటిలో లొసుగులు కూడా తెలుసుకోండి. గోలో ఉదాహరణ చివర ఔట్‌పుట్ కామెంట్ లేకపోతే అది కంపైల్ అవుతుందే తప్ప నడవదు. రస్ట్‌లో ఇగ్నోర్ అని పెడితే ఏ పరీక్షా ఉండదు. డెడ్‌లైన్ దగ్గరపడ్డప్పుడు ఫెయిలైన ప్రతి ఉదాహరణకూ ఆ మాట తగిలించేస్తారు. నెట్‌వర్క్ కావాలనో, పక్కన డేటాబేస్ ఉండాలనో నడపలేని ఉదాహరణ అయితే ఇగ్నోర్ బదులు నో రన్ వాడమనండి, కనీసం కంపైలర్ అయినా చూస్తుంది. పైథాన్ డాక్‌టెస్ట్‌లో తేదీలు, మెమరీ అడ్రస్‌లు ఫలితంలో ఉంటే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతూ విసిగిస్తాయి. ఆ భాగానికి ఎలిప్సిస్ ఆప్షన్ పెట్టండి, లేదా ఉదాహరణనే మార్చండి. ఊరికే ఫెయిలయ్యే పరీక్షను జనం ఆపేస్తారు, ఆపేశాక మళ్లీ పెట్టరు.

స్ఫింక్స్ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. అసలు కోడ్ ఫైల్ నుంచి ముక్కను పేజీలోకి తెచ్చే లిటరల్ ఇంక్లూడ్ ఉంది కదా, అందులో లైన్ నంబర్లు ఇవ్వకండి. 40 నుంచి 55 లైన్లు అని ఇచ్చారనుకోండి, పైన ఎవరో రెండు ఇంపోర్టులు చేర్చగానే ముక్క జరిగిపోతుంది. పేజీ బిల్డ్ అవుతుంది, హెచ్చరిక కూడా రాదు, ఫంక్షన్ సగంలో మొదలై సగంలో ముగుస్తుంది. కోడ్‌లో కామెంట్ గుర్తులు పెట్టి వాటి మధ్య భాగాన్ని తెచ్చుకోండి, లేదా ఫంక్షన్ పేరుతో అడగండి. గుర్తు కనబడకపోతే స్ఫింక్స్ హెచ్చరిస్తుంది. హెచ్చరికలను ఎర్రర్లుగా చూసే ఆప్షన్‌తో బిల్డ్ నడిపితే అక్కడే ఆగుతుంది. ఆ ఆప్షన్ లేకుండా డాక్స్ బిల్డ్ నడపడం దాదాపు వృథా అని నా అభిప్రాయం.

మీ సర్వీసులకు లోకల్ సెటప్ కమాండ్లు ఉంటాయి కాబట్టి ఇది తప్పక చేయండి: ఆ కమాండ్లను ఒక స్క్రిప్టులో పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఖాళీ కంటైనర్‌లో రోజుకోసారి నడపండి. పేజీలో "ఈ స్క్రిప్ట్ నడపండి" అని ఉంటే చాలు. మొదటిసారి నడిపినప్పుడు దాదాపు ప్రతి టీమ్‌లోనూ ఫెయిలవుతుంది. అందరి ల్యాప్‌టాప్‌లలో ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిపోయిన సిస్టమ్ ప్యాకేజీ ఒకటి, ఎవరో చాట్‌లో పంపిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి బయటపడతాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండు రోజులు దేనితో కుస్తీ పడుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

రన్‌బుక్‌లకైతే ఇది ఇంకా అవసరం. అర్ధరాత్రి సర్వీస్ పడిపోయి, నిద్రలోంచి లేచినవాళ్లు టెన్షన్‌లో చదివే పేజీ అది. అందులో ఒక ఫ్లాగ్ పేరు మారిపోయి ఉంటే ఆ సమయంలో ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. బ్యాకప్ నుంచి డేటాబేస్ రీస్టోర్ చేసే పద్ధతిని పేజీలో పన్నెండు అంచెలుగా రాయడం కన్నా, స్క్రిప్టుగా రాసి స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌ను పోలిన పరీక్షా వాతావరణంలో) వారానికోసారి నిజంగా రీస్టోర్ చేయించడం మేలు. పేజీలో మనిషి నిర్ణయించాల్సినవే ఉంచండి: ఏ లక్షణం కనబడితే రీస్టోర్ చేయాలి, ఎప్పుడు చేయకూడదు, ఎవరిని అడగాలి.

చేత్తో రాసేవాటిని మెల్లగా పాతబడేలా రాయండి. మూడో రకం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనరేటర్లు పెట్టుకున్న టీములు ఇక్కడే చేతులు దులుపుకుంటాయి. గెట్ యూజర్ అనే ఫంక్షన్ పక్కన "యూజర్‌ను తెస్తుంది" అని వచ్చే పేజీలు వంద ఉన్నా కొత్తవాళ్లకు సిస్టమ్ అర్థం కాదు. ఎందుకు ఇలా కట్టారు, ఏది మార్చకూడదు, ఏ ప్రయత్నం చేసి వదిలేశారు, ఇవి చెప్పేవాళ్లు కావాలి.

ఇక్కడ నేను పాటించేది ఒకటే. విలువలు రాయను, వాటి మధ్య సంబంధాలు రాస్తాను. "3 సార్లు ప్రయత్నిస్తుంది" అనేది రేపు 5 కావచ్చు. "అన్ని ప్రయత్నాలూ కలిపి పట్టే సమయం, మనల్ని పిలిచే సర్వీస్ టైమౌట్ కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే వాళ్లు వదిలేసిన తర్వాత కూడా మనం పేమెంట్ కోసం ప్రయత్నిస్తూనే ఉంటాం" అనేది ఏళ్ల తరబడి నిజంగానే ఉంటుంది, 3ను 5 చేయబోయేవాళ్లకు అవసరమైన మాట కూడా అదే. ఇంకో అడుగు ముందుకేస్తే ఈ సంబంధాన్నే టెస్టుగా రాయొచ్చు. సర్వీస్ స్టార్ట్ అయ్యేటప్పుడు రెండు విలువలూ పోల్చి, లెక్క తప్పితే ఆగిపోవచ్చు. అప్పుడు వివరణ ఆ చెక్ పక్కన కామెంట్‌గా ఉంటే సరిపోతుంది, దాన్ని చదవాల్సిన సమయానికి అదే కంటబడుతుంది.

డిజైన్ నిర్ణయాలను మాత్రం అప్‌డేట్ చేయకండి. వినడానికి వింతగా ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించిన ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ పద్ధతి ఇదే: ఒక్కో నిర్ణయానికి ఒక చిన్న ఫైల్, అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దానివల్ల వచ్చే మంచీ చెడూ. తర్వాత మనసు మారితే పాత ఫైల్‌ను దిద్దరు. కొత్త ఫైల్ రాసి, పాతదాని స్థానంలో ఇది వచ్చిందని రెండింట్లోనూ గుర్తు పెడతారు. తేదీ ఉన్న పత్రం పాతబడటమంటూ ఉండదు, ఆ రోజు ఏమనుకున్నారో అది చెబుతుంది. మీ వికీలో "ఇప్పుడు ఇలా ఉంది" అనే పేజీలూ, "అప్పుడు ఇలా అనుకున్నాం" అనే పేజీలూ కలగాపులగంగా ఉండి ఉంటాయి. వాటిని వేరు చేయడంతోనే సగం అయోమయం పోతుంది.

రివ్యూ గురించి అడిగారు. పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లో "డాక్స్ అప్‌డేట్ చేశారా?" అని టిక్ పెట్టే గడి చాలా టీములు పెడతాయి. కొన్నాళ్లకు చదవకుండానే టిక్ కొట్టేస్తారు. దానికన్నా నిర్దిష్టమైన ప్రశ్న పనిచేస్తుంది. ఏ ఫోల్డర్ ముట్టుకుంటే ఏ పేజీ చూడాలో చెప్పే చిన్న పట్టిక రెపోలో ఉంచండి. రీట్రై కోడ్ మారి, దానికి సంబంధించిన పేజీ మారకపోతే, సీఐ ఆ పుల్ రిక్వెస్ట్‌లో "ఈ పేజీలో ఈ పేరా చూడండి" అని కామెంట్ పెట్టాలి. బిల్డ్‌ను మాత్రం ఆపకూడదు, ఎందుకంటే చాలాసార్లు పేజీ మార్చాల్సిన అవసరం నిజంగానే ఉండదు. పట్టికలో ముఖ్యమైన కొన్ని వరుసలే ఉంచండి. ప్రతి మార్పుకూ కామెంట్ వస్తే దాన్నీ టిక్కు గడిలాగే చూస్తారు.

ఇంకో చవకైన పరీక్ష ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డాక్స్‌లో కోడ్ ఫాంట్‌లో రాసిన పేర్లన్నీ, అంటే ఫంక్షన్లు, సెట్టింగులు, ఫైల్ దారులు, ఏరి, ఒక్కొక్కటీ రెపోలో ఎక్కడైనా ఉందా లేదా అని గిట్ గ్రెప్‌తో (రెపోలో మాట వెతికే కమాండ్‌తో) చూసే చిన్న స్క్రిప్ట్. పేరు మారినవీ తీసేసినవీ అన్నీ ఒక్క దెబ్బతో బయటపడతాయి. లినక్స్ కెర్నెల్‌లో డాక్యుమెంటేషన్ పేర్కొన్న ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో చూసే స్క్రిప్ట్ సోర్స్‌తోపాటే వస్తుంది. మీ రెపోకు అలాంటిది రాయడం ఒక మధ్యాహ్నం పని. దీన్ని మొదటిసారి నడిపినప్పుడు వచ్చే జాబితానే మీ డాక్స్ ఎంత పాతబడ్డాయో చెబుతుంది.

ఇవన్నీ జరగాలంటే డాక్స్ కోడ్ ఉన్న రెపోలోనే ఉండాలి. వికీతో ఇది కుదరదు. ఒకే పుల్ రిక్వెస్ట్‌లో రెండూ మారాలి, వెనక్కి తీసుకుంటే రెండూ వెనక్కి పోవాలి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో ప్రాజెక్ట్‌లో కొత్త ఫీచర్ పంపేవాళ్లు టెస్టులతోపాటు డాక్యుమెంటేషన్ కూడా పంపాల్సిందే, ఏ వెర్షన్‌లో చేరిందో అందులోనే రాయాలి. ఆ డాక్స్‌ను జనం అంతగా నమ్మడానికి ఆ నియమం ఒక ముఖ్య కారణమని నేననుకుంటాను. రెపోలో ఉంచితే వెర్షన్ల గొడవ కూడా చాలావరకు తీరుతుంది. ప్రొడక్షన్‌లో నడుస్తున్న ట్యాగ్ తెరిస్తే ఆ నాటి డాక్స్ అందులోనే ఉంటాయి. మెయిన్ బ్రాంచ్ డాక్స్‌ను మాత్రమే సైట్‌లో పెడితే, ఇంకా రిలీజ్ కాని ఫీచర్ గురించి చదివి జనం తికమకపడతారు. మీది ఇంటర్నల్ సర్వీస్, రోజూ డిప్లాయ్ చేస్తారంటే దీని గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

నాలుగైదు సర్వీసులు కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పే పేజీ ఏ రెపోలో ఉండాలన్నది చిక్కే. ఏపీఐ ఎవరిదైతే దాని వివరం వాళ్ల రెపోలోనే ఉండాలి, వాడేవాళ్లు లింక్ ఇవ్వాలే తప్ప కాపీ చేయకూడదు. అన్నిటినీ కలిపి చూపే పేజీ ఒకటి విడిగా ఉండొచ్చు, కానీ అందులో బొమ్మ, ఎవరు ఎవరిని ఎందుకు పిలుస్తారు, ఇంతకుమించి వద్దు. స్క్రీన్‌షాట్లు కూడా వీలైనంత తగ్గించండి. బటన్ రంగు మారినా పాతబడేది స్క్రీన్‌షాటే, దాన్ని సెర్చ్‌లో పట్టుకోవడం కూడా కష్టం.

టెక్నికల్ రైటర్ విషయానికొస్తే, మీ ఏపీఐను బయటి కస్టమర్లు వాడుతుంటే తప్పకుండా తీసుకోండి. మంచి రైటర్ చేసే పని డెవలపర్ల వల్ల కాదు. కానీ కోడ్ మారిందా లేదా అని కాపలా కాసే పని వాళ్లకు అప్పగించకండి. వాళ్లను పుల్ రిక్వెస్ట్ రివ్యూలోకి తీసుకురండి. గిట్‌హబ్ అయితే కోడ్ ఓనర్స్ ఫైల్‌లో స్పెక్ ఫైళ్లకు, డాక్స్ ఫోల్డర్‌కు వాళ్ల పేరు పెడితే రివ్యూ రిక్వెస్ట్ దానంతటదే వెళ్తుంది. మెర్జ్ అయ్యాక చెబితే రైటర్ ఎప్పుడూ ఒక రిలీజ్ వెనకే ఉంటారు.

ఏఐతో డాక్స్ రాయించేస్తే సరిపోదా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. కోడ్‌ను, పేజీని పక్కపక్కన ఇచ్చి "వీటిలో పొంతన లేనివి చూపించు" అంటే చాలా ఉపయోగంగా ఉంటుంది, నేను వాడతాను. వచ్చిన జాబితాను మనిషి సరిచూడాలి, లేనివి కూడా చూపిస్తుంది కాబట్టి. కానీ కోడ్‌ను చదివించి పేజీలకు పేజీలు రాయించి రెపోలో పెడితే, కోడ్‌లో ఉన్నదాన్నే ఇంకో చోట, ఇంకా ఎక్కువ మాటల్లో రాసి పెట్టుకున్నట్టే. ఎందుకు అన్న సంగతి దానికీ తెలియదు. పైగా కోడ్ రాసే ఏఐ టూల్స్ రెపోలోని డాక్స్ చదివి వాటిని నమ్ముతాయి, పాత పేజీ మనుషులను ఎంత దారి తప్పిస్తుందో వాటినీ అంతే.

మీ వికీతో ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. మొత్తం తరలించే ప్రాజెక్ట్ పెట్టుకోవద్దు, అది మధ్యలో ఆగిపోతుంది. జనం ఎక్కువగా తెరిచే పేజీలేవో వికీ లెక్కల్లో చూడండి. సాధారణంగా లోకల్ సెటప్, ఒక ఏపీఐ పేజీ, ఒక రన్‌బుక్, అంతే ఉంటాయి. ఆ మూడింటినీ పైన చెప్పినట్టు రెపోలోకి తెచ్చి పరీక్షలు పెట్టండి. ఎనిమిది మంది టీమ్‌కు ఇది రెండు వారాల్లో, మిగతా పనుల మధ్య చేసుకోదగ్గ పనే. మిగతా వికీని రీడ్ ఓన్లీ చేసి, ప్రతి పేజీ పైన "ఫలానా తేదీ తర్వాత సరిచూడలేదు" అని పెట్టండి. ఆ తర్వాత ఎవరైనా చాట్‌లో ప్రశ్న అడిగినప్పుడు, జవాబు పాత పేజీలో ఉంటే, జవాబిచ్చేవాళ్లు ఆ ఒక్క పేరాను సరిచూసి రెపోలోకి తేవాలి. వికీలో పాత చోట కొత్త లింక్ ఇవ్వాలి. అవసరమున్నవే తరలివస్తాయి. ఆరు నెలల తర్వాత కూడా ఎవరూ అడగని పేజీలను, నిర్ణయాల చరిత్ర ఉన్నవి తప్ప, సెర్చ్‌లో రాకుండా ఆర్కైవ్‌లో పడేయండి. తీసేయడానికి టీమ్‌లో ఎవరో ఒకరు అడ్డుపడతారు, "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అని. ఆ పేజీలో ఒక కమాండ్ తీసుకుని ఇప్పుడు వాళ్ల ముందే నడిపి చూపించండి.